ఈమూ పెంకు, రాతి ఉలి: పాట్నే గీతల్ని మళ్లీ చెక్కిన అనుభవం

పాట్నేలో దొరికిన, రాతియుగపు గీతలున్న నిప్పుకోడి గుడ్డు పెంకుముక్క బొమ్మ చూస్తే ఇందులో ఏముందిలే అనిపిస్తుంది. రెండు పట్టీలు, ఒక్కోదాంట్లో వలలాగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే ఏటవాలు గీతలు, పట్టీలకు హద్దుగా సమాంతర గీతలు. నోటుబుక్కు వెనకపేజీలో పిల్లలు గీసుకునే గళ్లలాగే ఉంటుంది. పెన్సిలుతో రెండు నిమిషాల పని. గుడ్డు పెంకు మీద రాతి మొనతో గీయబోతే మాత్రం ఐదు ముక్కలు పాడయ్యాక ఆరోది నిలిచింది.

పాట్నే మహారాష్ట్రలోని జల్‌గావ్ జిల్లాలో ఉంది. 1970ల్లో పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఎ. సాలి తవ్వకాల్లో ఈ నిప్పుకోడి గుడ్డు పెంకుముక్క బయటపడింది. వయసు సుమారు 25,000 ఏళ్లు. అలాంటి పెంకుతోనే చేసిన పూసలు కూడా అక్కడ దొరికాయి. మన దేశంలో నిప్పుకోళ్లేమిటి అని అడిగేవాళ్లకు 2017లో గట్టి జవాబు వచ్చింది. రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో దొరికిన పాత పెంకుల్లోంచి డీఎన్ఏ తీసి, అవి ఆఫ్రికా నిప్పుకోడి జాతివేనని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తేల్చారు.

ఆ గీతల్ని మళ్లీ చెక్కే ఈ పని తిరుపతిలో మొదలుపెట్టడానికి కారణం పనిముట్టు. రేణిగుంట దగ్గర రాళ్లకాలవ పరిసరాల్లో 1960ల్లో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి గుర్తించిన ఎగువ పాత రాతియుగపు (పాత రాతియుగం చివరి దశ) పనిముట్లలో బ్లేడ్లు, బ్యూరిన్లు ముఖ్యమైనవి. బ్యూరిన్ అంటే చిన్న రాతి ఉలి అనుకోండి. పొడవాటి రాతిపెచ్చు మూల మీద దెబ్బ కొట్టి, అంచు వెంబడి సన్నటి చీలిక లేపితే మిగిలే చదరపు మొన అది. ఎముకలోనో పెంకులోనో గాడి తియ్యడానికి చక్కగా పనికొస్తుంది. గీత అక్కడిది, ఉలి ఇక్కడిది. రెంటినీ కలిపి చూద్దామన్నదే ప్రాజెక్టు.

నిప్పుకోడి పెంకు దొరకలేదు. ఈమూ పెంకుతో సరిపెట్టుకున్నాను. ఈమూ ఫారాలు చాలావరకు మూతపడ్డాయి, పైగా ఈమూలు చలికాలంలోనే గుడ్లు పెడతాయి కాబట్టి కావాలంటే ముందే చెప్పి ఉంచుకోవాలి. రెండింటికీ పెద్ద తేడా మందంలోనే. నిప్పుకోడి పెంకు దాదాపు 2 మి.మీ. ఉంటే, ఈమూ పెంకు 1 మి.మీ.కు కాస్త అటూ ఇటూ. అందుకే గీత 0.2, మహా అయితే 0.3 మి.మీ. కంటే లోతు పోకూడదు. ఇంకో తేడా రంగు. ఈమూ గుడ్డు పైపొర గరుకుగా, ముదురాకుపచ్చగా ఉంటుంది. దాని కింద నీలి ఆకుపచ్చ పొర, ఆ కింద తెలుపు. పాట్నే ముక్కలా కనబడాలంటే తెలుపుదాకా దిగాలి. మొదటిసారి చేసేవాళ్లు ఆకుపచ్చ పొర ఉంచేసుకోవడమే మేలు. గీసిన గీత లేతరంగులో వెంటనే తేలుతుంది, చెయ్యి కుదిరిందో లేదో తెలిసిపోతుంది.

గుడ్డు ఖాళీ చేశాక లోపలి పొర పోవాలి. ఇంట్లో వాడే బ్లీచింగ్ ద్రావణం ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు కలిపి ఒక రాత్రి నానబెడితే పొర మెత్తబడి వేలితో లాగితే వచ్చేస్తుంది. ఒక పెంకును మరిచిపోయి రెండు రోజులు వదిలేశాను. బ్లీచు పొరతో ఆగలేదు, పెంకులోని సున్నపు రేణువుల్ని పట్టి ఉంచే మాంసకృత్తుల్ని కూడా తినేసింది. ఉలి పెట్టగానే గీత బదులు సుద్దపొడి రాలింది. ఆకుపచ్చ పొర తియ్యడానికి కొందరు వెనిగర్ వాడతారు. అది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తిని గుంటలు చేస్తుంది. 120 నంబరు వాటర్ పేపరు, తర్వాత 220, నీళ్లు పోస్తూ రుద్దడమే నయం. రుద్దాక వెర్నియర్ కొలబద్ద పెట్టి చూస్తే 0.7 నుంచి 0.8 మి.మీ. మిగిలింది. వెనిగరే వాడతామంటే ముందు బ్లీచు వాసన పూర్తిగా పోయేదాకా కడగండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది.

ఇక రాయి. తిరుమల కొండలే క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, ఘాట్‌రోడ్డు పొడవునా కనబడేది అదే. కానీ శేషాచలం అడవిలోంచి రాయి తేవడం కుదరదు, తేకూడదు కూడా. రేణిగుంట వైపు పొలాల్లో కనబడే రాతిపెచ్చుల్ని అసలే ముట్టుకోకూడదు. అవి పనిముట్లయితే పడి ఉన్న చోటే వాటి విలువ. ఇల్లు కడుతున్నచోట కుప్పపోసిన గుండ్రాళ్లలో ఏరుకున్నాను. పిడికిలంత నుంచి కొబ్బరికాయంత వరకు చాలు. ఒకదాన్ని ఇంకోదానితో తట్టి చూడాలి. కణకణమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులుంది. విరిగినచోట పంచదార పలుకుల్లా గింజలు మెరిస్తే పక్కన పడెయ్యండి. గింజ కంటికి ఆననంత సన్నగా, నూనె రాసినట్టు నున్నగా ఉండాలి. కడప వైపు సున్నపురాయిలో వచ్చే చెర్ట్ అనే నున్నటి గట్టి రాయి దొరికితే ఇంకా మేలు, మొన ఎక్కువసేపు నిలుస్తుంది.

సుత్తిగా 400 గ్రాముల గుండ్రటి నల్లరాయి పట్టాను. జింకకొమ్ముతో కొడితే పెచ్చు సన్నగా లేస్తుందని విదేశీ వీడియోల్లో చూపిస్తారు. ఇక్కడ రాలిన కొమ్ము దగ్గర పెట్టుకున్నా వన్యప్రాణి చట్టం కింద నేరమే. ఆ ఆలోచన మానెయ్యండి. రోళ్లు కొట్టే పెద్దాయన నేను కొడుతుంటే చూసి, "బలం కాదు సామీ, అంచు చూసి కొట్టాల" అన్నాడు. కిటుకంతా అదే. కొట్టే చదునుకూ పక్క గోడకూ మధ్య కోణం 90 డిగ్రీల లోపు ఉంటేనే పెచ్చు లేస్తుంది, దాటితే రాయి నలుగుతుంది. ఇరవై పెచ్చులు లేపితే నాలుగైదు పనికొచ్చాయి. డాబా మీద టార్పాలిన్ పరుచుకుని, కళ్లద్దాలు, తోలు చేతితొడుగులు, ఎన్95 మాస్కు పెట్టుకుని కొట్టాలి. క్వార్ట్‌జైట్ పొడి అంటే సిలికా, ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. అయ్యాక ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి.

బ్యూరిన్ కోసం 4, 5 సెం.మీ. పొడవు, కనీసం 6 మి.మీ. మందం ఉన్న పెచ్చు తీసుకున్నాను. ముందు కొసను అడ్డంగా విరిచి, ఆ విరిగిన చదును మూల మీద చిన్న దెబ్బ వేస్తే అంచు వెంబడి అగ్గిపుల్లంత చీలిక లేస్తుంది. మందం 5 మి.మీ. కంటే తక్కువైతే చీలికకు బదులు పెచ్చే రెండు ముక్కలవుతుంది. మిగిలిన మొన వెడల్పు 2 మి.మీ. ఉంటే సరి. గీసేది ఆ వెడల్పంతా కాదు, దాని మూల. క్వార్ట్‌జైట్ మొన అరవై, డెబ్బై లాగుళ్లకు మొద్దుబారింది. మళ్లీ పక్కన ఒక చీలిక లేపితే కొత్త మొన సిద్ధం. ఒక్కో పెచ్చుకు రెండు, మూడుసార్లు పదును పెట్టుకోవచ్చు.

పెంకును కొట్టి ముక్క చెయ్యకండి, పగులు ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. కావలసిన కొలతకు చుట్టూ 3 మి.మీ. ఎక్కువ వదిలి, పెచ్చు అంచుతో సగం మందం దాకా గాడి తీసి, ఆ గాడిని చెక్క అంచు మీద ఆనించి బొటనవేళ్లతో నొక్కాలి. నా బిళ్ల 30 మి.మీ. పొడవు, 22 మి.మీ. వెడల్పు. ఇది నేను ఎంచుకున్న కొలతే, అసలు ముక్కది కాదు. నకలుకు తాడు కట్టుకునే రంధ్రం పెట్టడం కూడా నా సొంత చేర్పే, మెడలో వేసుకునే బిళ్లగా చెయ్యాలని.

రంధ్రం గీతల కంటే ముందే పెట్టాలి. గీతలన్నీ అయ్యాక తొలిచేటప్పుడు విరిగితే రెండు పూటల కష్టం పోతుంది. నాకు మూడో ముక్క అలాగే పోయింది. కోసుగా ఉన్న పెచ్చును వెదురు పుల్లకు నారతో బిగించి, అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాను. తిప్పేకొద్దీ పుల్ల ఊగి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. వడ్రంగి బరమాలాగా విల్లు తాడుతో తిప్పితే నిలకడగా దిగుతుంది. లోపలివైపు నుంచి మొదలుపెట్టండి. అటు పెంకు మెత్తన, మొన జారదు. సగం దిగాక తిప్పి పైవైపు నుంచి కలపాలి. ఒకేవైపు నుంచి పొడిస్తే అవతల పెచ్చు ఎగిరిపోతుంది. అంచుకు 5 మి.మీ. దూరంలో, 3 మి.మీ. రంధ్రానికి పదిహేను నిమిషాలు పట్టింది.

గీసేటప్పుడు ముక్క కదలకూడదు, కిందనుంచి బోలుగా ఉండకూడదు. కొబ్బరిచిప్పలో కుమ్మరి బంకమన్ను నింపి, ముక్క బోర్లించి అదిమితే వంపుకు సరిగ్గా ఒదుగుతుంది. ఏప్రిల్ ఎండలో అరగంటకే మన్ను ఆరి ముక్క కింద ఖాళీ ఏర్పడింది. ఆ సంగతి చూసుకోకుండా నొక్కితే నాలుగోది పటుక్కుమంది. పక్కన తడిగుడ్డ పెట్టుకుని మధ్యమధ్యలో మన్ను తడుపుతుండాలి. దీపం నెత్తిన కాదు, పక్కనుంచి వాలుగా పడాలి. లేకపోతే తెలుపు మీద తెలుపు గీత కనబడనే కనబడదు.

హద్దు గీతలు ముందు. వంపు మీద స్కేలు ఆనదు కాబట్టి తాటాకు చీలిక ఒకటి వంచి పట్టుకుని, దాని వెంట మొదటి గీత తేలిగ్గా, ఒక్కసారే లాగాను. ఆ మొదటి లాగుడే కీలకం. అది పక్కకు పోయిందంటే తర్వాత ఎన్నిసార్లు సరిచేద్దామన్నా మొన ఆ తప్పు గాడిలోకే దూకుతుంది. సరిగా పడితే అదే గాడిలో ఎనిమిది, పదిసార్లు లాగాలి. ఏటవాలు గీతల్లో ఒకవైపువన్నీ పూర్తిచేసి, తర్వాతే రెండోవైపువి. ఒకటి ఇటు, ఒకటి అటు వేసుకుంటూ పోతే దూరాలు చెదిరిపోతాయి. గీతల మధ్య 2 మి.మీ. ఉండాలి. 1.5కు తగ్గిస్తే రెండు గీతలు దాటుకున్నచోట మధ్య గడి పెళ్లలా లేచిపోయింది. ఐదోది పోయింది ఇందుకే.

ఒక తునక మీద సరదాగా వంకీ గీతలు, చిన్న చుట్టలు ప్రయత్నించాను. కుదరలేదు. బ్యూరిన్ మొన నేరుగా లాగితే గాడి పట్టుకుంటుంది, తిప్పితే మొన వెనకభాగం అంచుకు తగిలి ఎగిరిపడుతుంది. గుండ్రని పెంకు మీద ఇంకా ఎక్కువ. వలగీతకు ఏదైనా అర్థం ఉండేదేమో, ఆ చర్చ చేసేవాళ్లు చేస్తారు. ఈ రాయి, ఈ పెంకు చేతికిస్తే మాత్రం చెయ్యి తనంతట తానే చిన్న చిన్న తిన్నని గీతలకే వెళుతుంది. దీన్ని రుజువు అనను, చేతికి తెలిసిన సంగతి అంటాను.

పదిరెట్ల భూతద్దంలో చూసినప్పుడు ఇంకోటి తేలింది. స్టీలు సూదితో పక్కనే గీసిన గీత అడుగున శుభ్రంగా, ఒకే లోయలా ఉంది. రాతి గీత అడుగున సన్నసన్నటి సమాంతర చారలున్నాయి, మొనలోని గింజలు ఒక్కోటి ఒక్కో చార వేసినట్టు. రెండు గీతలు దాటుకున్నచోట ఏది ముందు, ఏది వెనక అన్నదీ తెలిసిపోతుంది. వెనక గీసినదాని అంచు తెగకుండా సాగుతుంది, ముందుదాని అంచు అక్కడ చితికి ఉంటుంది. మన దేశంలో దొరికిన పెంకుల మీది గీతలు చాలావాటిని సహజంగా పడిన గుర్తులేనని పక్కనపెట్టారు. అలా విడదీయడానికి చూసే గుర్తుల్లో ఇలాంటి చారలూ ఉంటాయి.

ఫొటో కోసం ఒక నకలు గీతల్లో జేగురు నింపాను. నీళ్లలో కలిపి పూసి వెంటనే తుడిచినా, ఈమూ పెంకులోని సూక్ష్మరంధ్రాలు పీల్చుకుని ముక్కంతా గులాబీరంగుకు తిరిగింది. పొడిగానే చల్లి, వేలితో గాడిలోకి అదిమి, పైన ఊదేస్తే ఆ బాధ లేదు.

మిగిలిన తునకలతో పూసలు. 8 నుంచి 10 మి.మీ. ముక్కలు, ముందు రంధ్రం, తర్వాత అంచులు కొరికినట్టు విరిచి గుండ్రం దగ్గరికి తేవడం, ఆపైన కిత్తనారకు గుచ్చి గట్టిగా ముడివేసి తడిరాతి మీద దొర్లించడం. వదులుగా గుచ్చితే పూసలు ఒకదాన్నొకటి కొట్టుకుని పగులుతాయి. ముప్ఫై మొదలుపెడితే పందొమ్మిది మిగిలాయి. ఇంట్లో ఉన్న కడప బండ మీద గంటసేపు దొర్లించినా అరగలేదు. రెండూ సున్నపు సరుకే, ఒకటి ఇంకోదాన్ని ఎక్కడ కోస్తుంది? సన్నికల్లు మీద ఇరవై నిమిషాల్లో 6 మి.మీ.కు వచ్చాయి. చివరి నునుపుకు గంధం తీసే సాన చాలు.

నకలు మీద నకలని రాసి తీరాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కింద లెక్క. రేపు ఎవరి పెట్టెలోనో ఈ బిళ్ల దొరికితే అనవసరపు తికమక. లోపలివైపు ఆ మాట కూడా రాతి మొనతోనే రాద్దామని కూర్చున్నాను. 'న' వంపు దగ్గరే మొన ఎగిరి పెంకు మీద పక్కకు పోయింది. చివరికి 'నకలు' అన్న మూడక్షరాలూ స్టీలు సూదితోనే రాశాను.