అమావాస్య రాత్రి, ఎర్ర లైటు, నాలుగు నిమ్మకాయలు

మొన్న శివరాత్రి మర్నాటి రాత్రి, తెల్లవారుజామున నాలుగింటికి, ఒక పల్లి చేను గట్టు మీద నిలబడి ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపుని ఉత్త కళ్లతో చూశాను. దక్షిణాన చెట్ల పైన చిన్న దూది పింజలా ఉంది. పదిహేనేళ్లుగా టెలిస్కోప్ పట్టుకుని తిరుగుతున్నా అది ఇంత స్పష్టంగా ఎప్పుడూ దక్కలేదు. ఆ చోటు దొరకడానికి ఏడు నెలలు పట్టింది. అందులో ఒక రాత్రంతా పోలీస్ స్టేషన్లో నేల మీద కూర్చున్నాను. ఆ బాధ పచ్చిగా ఉండగానే రాసేయాలని కూర్చున్నాను.

మేం ఉండేది హైదరాబాద్‌లో. ఆకాశం ఎంత చీకటిగా ఉందో చెప్పడానికి జాన్ బోర్టిల్ 2001లో ఒక స్కేల్ ఇచ్చాడు. 1 అంటే కటిక చీకటి, 9 అంటే మహానగరం నడిబొడ్డు. మా మేడ మీద 8కి తగ్గదు. అయినా నా ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్‌తో మెసియర్ జాబితాలోని (నక్షత్ర గుంపులు, నెబ్యులాలు, గెలాక్సీల జాబితా అది) 110లో 97 నగర శివార్ల నుంచే పట్టాను. అది నా ఓపిక, గర్వంగానే చెప్పుకుంటాను. మిగిలినవాటికి మాత్రం చీకటి కావాల్సిందే.

సలహా అడిగితే చాలామంది లడాఖ్‌లోని హాన్లే వెళ్లమంటారు. 2022లో అక్కడ రాత్రి చీకటిని కాపాడే డార్క్ స్కై రిజర్వ్ ప్రకటించారు, చాలా గొప్ప చోటు, కాదనను. కానీ నెలనెలా వచ్చే అమావాస్యకి లడాఖ్ ఎలా వెళ్తాం? శనివారం సాయంత్రం బయల్దేరి, ఆదివారం మధ్యాహ్నానికి ఇంట్లో ఉండగలిగే చోటు చెప్పండి అంటే ఒక్కరూ పలకరు.

మ్యాపుల పని ఒక్క సాయంత్రంలో అయిపోయింది. ఉపగ్రహాలు కొలిచిన రాత్రి వెలుగుతో చేసిన మ్యాపులు ఉచితంగానే దొరుకుతాయి. నేను పెట్టుకున్న నియమం ఒకటే: నగరానికి దక్షిణంగానే వెళ్లాలి. ఉత్తరానికి వెళ్తే హైదరాబాద్ వెలుగు మన దక్షిణ దిక్కున పడుతుంది. మనకి దొరికే మంచి సరుకంతా ఆ దిక్కునే, తక్కువ ఎత్తులో ఉంటుంది. అగస్త్య నక్షత్రం ఇక్కడ నెత్తిమీదికి రాదు, ఇరవై డిగ్రీల చిల్లర దగ్గరే ఆగిపోతుంది. ఒమేగా సెంటారీదీ దాదాపు అదే వరస.

మొదట రంగాపూర్ వైపు వెళ్లి చూశాం. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లు 1968లో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టింది అక్కడే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించిన చోటు కూడా. ఇప్పుడు ఉత్తర దిక్కు సగం తెల్లగా వెలిగిపోతోంది. ఆ రాత్రి నాకు నిజంగా ఏడుపొచ్చింది. వీధి దీపానికి పైన మూత పెడితే వెలుగంతా కిందికే పడుతుంది, కరెంటూ ఆదా అవుతుంది. ఆ చిన్న పని కూడా చేయకుండా ఊరూరా తెల్లటి ఎల్ఈడీలు పైకి చూసేలా బిగించుకుంటూ పోతున్నారు. మన పిల్లలు పాలపుంతని ఫోన్లోనే చూస్తున్నారంటే తప్పు ఎవరిది?

మ్యాపులో అన్నిటికన్నా నల్లగా ఉన్నది నల్లమల. అది పులుల అభయారణ్యం. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాలు ఆపేస్తారు. అడవి జంతువుల కోసం పెట్టిన నియమం, మంచిదే. అందుకని అడవి అంచున, బయట, ఒక పొలం వెతుక్కున్నాం. ఊరి పేరు రాయను. పేరు రాస్తే వచ్చే నెలకల్లా అక్కడ కార్లు వరసకడతాయి.

మా ఆఫీసులో ఒకాయనకి అక్కడ నాలుగెకరాలుంది. "పొలం నాదే, ఎప్పుడైనా వెళ్లండి" అన్నాడు. ఆ మాట చాలనుకున్నాను. అదే నేను చేసిన పెద్ద తప్పు.

సంక్రాంతి వెళ్లాక వచ్చిన ఆదివారం అమావాస్య అది. నేను, మా బావమరిది, ఇంజినీరింగ్ చదివే ఒక కుర్రాడు వెళ్లాం. చీకటికి కళ్లు అలవాటు పడాలంటే ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. తెల్ల లైటు ఒక్కసారి కంట్లో పడితే మళ్లీ మొదటికొస్తుంది. ఎర్ర వెలుగుతో ఆ ఇబ్బంది తక్కువ. అందుకే నుదుటికి ఎర్ర లైట్లు కట్టుకున్నాం. పదకొండు కావస్తుండగా అగస్త్య నక్షత్రం దక్షిణాన నిటారుగా నిలబడింది. కుర్రాడికి చూపించడానికి గ్రీన్ లేజర్ వేశాను. ఆ ఆకుపచ్చ గీత ఎంత దూరం కనిపిస్తుందో అప్పుడు ఆలోచించలేదు.

పది నిమిషాల్లో పాతికమంది కర్రలతో చుట్టుముట్టారు. "ఎవర్రా మీరు? ఈడ ఏం తవ్వుతుండ్రు?" అని ఒకాయన నా కాలర్ పట్టుకున్నాడు. గుప్తనిధుల కోసం వచ్చామనుకున్నారు. ఆదివారం అమావాస్య, అడవి అంచు, ఎర్ర లైట్లు, ఫిరంగి లాంటి నల్ల గొట్టం. పైగా సంచీ బోర్లిస్తే లెమన్ టీ కోసం తెచ్చుకున్న నాలుగు నిమ్మకాయలు దొర్లాయి. ఇంక మేం ఏం చెప్పినా ఎవరూ వినలేదు. పొలం యజమానికి తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల చేలల్లో నిధుల కోసం రాత్రిళ్లు గుంతలు తవ్విపోతే వాళ్లేం చేస్తారు? నా కోపమంతా స్టేషన్లో ఉన్న అధికారి మీద. ఐడీ కార్డు చూపించాను, టెలిస్కోప్ కొన్న బిల్లు ఫోన్లో చూపించాను. చూడనే లేదు. "ఏం దొరికిందో చెప్పు" అని అదే ప్రశ్న. బూట్లు విప్పించి నేల మీద కూర్చోబెట్టారు. నాకు నలభై ఆరేళ్లు. నా పక్కన కూర్చున్న ఆ కుర్రాడు ఏడుస్తుంటే వాడి ముఖం చూడలేకపోయాను. రాత్రి ఒంటిగంటకి మా ఆవిడకి ఫోన్ చేసి "మీ ఆయన నిధుల కేసులో దొరికాడు" అన్నారు. ఆమె తెల్లారేదాకా నిద్రపోలేదు. ఒక కానిస్టేబుల్ లోపల ఏదో దాచామని గొట్టంలో చెయ్యి పెట్టి తడిమాడు. పైభాగంలో ఉండే చిన్న అద్దం మీద అతని బొటనవేలి ముద్ర గీతలతో సహా పడింది. అద్దాన్ని గుడ్డతో తుడవకూడదు, డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. ఇంటికొచ్చాక అలాగే కడిగాను. ఆ రాత్రి స్టేషన్ కిటికీలోంచి చూస్తే బయట ఆకాశం, నేను నెలల తరబడి వెతికిన ఆకాశం, తెల్లారేదాకా మబ్బు తునక లేకుండా ఉంది.

ఏడింటికి యజమాని ఫోన్ ఎత్తాక వదిలారు. సారీ అన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఆ తర్వాతి ఆదివారం పట్టపగలు ఒక్కణ్నే వెళ్లాను. పొలం యజమానిది అయినా చేస్తున్నది కౌలు రైతు. అడవి పందుల కోసం రాత్రంతా మంచె మీద కావలి ఉంటాడు. మా లేజర్ చూసి ఊళ్లోకి ఫోన్ చేసింది ఆయనే. "నాకొక్క మాట జెప్తే అయిపోవు గద సారూ" అన్నాడు. అన్నా, తప్పు నాదే అన్నాను. ఆయనే నన్ను పంచాయతీ ఆఫీసుకి తీసుకెళ్లాడు. తర్వాత స్టేషన్లో మేం వచ్చే తేదీలు, కారు నంబరు రాసి ఉత్తరం ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేసేదాకా కదల్లేదు. ఆ కాపీ ఇప్పుడు కారులోనే ఉంటుంది. మీరు కూడా యజమానితో ఆగకండి, చేను ఎవరు చేస్తున్నారో వాళ్లని కలవండి. లేజర్ ఇంట్లో వదిలేయండి. ఆదివారం అమావాస్య అయితే ఒక రోజు అటో ఇటో జరుపుకోండి, నెలవంక కాసేపే ఉంటుంది.

మొన్న వెళ్లేసరికి ఊరు శివరాత్రి జాగారం చేసి అలసిపోయి పెందలాడే పడుకుంది. కౌలు రైతు అన్న మోటారు దగ్గర బల్బు తీసేసి ఉంచాడు. ఆకాశం చీకటిని కొలిచే మీటరులో 21.2 వచ్చింది; అంకె పెరిగేకొద్దీ చీకటి ఎక్కువ. మా మేడ మీద 17.8 వస్తుంది, మనుషుల వెలుగే లేని ఆకాశం 22 దగ్గర ఉంటుంది. అర్ధరాత్రి దాటాక ఆయన మంచె దిగి వచ్చి పడమటి వైపు చూసి, "పిల్లలకోడి కుంకింది, ఇగ పందులు దిగుతయి" అని టార్చి పట్టుకుని వెళ్లాడు. పిల్లలకోడి అంటే కృత్తికలు. అవి అస్తమించాయేమోనని నేను ఫోన్లో యాప్ తెరిచి చూసుకోవాల్సి వచ్చింది.

వచ్చే నెల పల్లి పీకేస్తారట. అప్పుడు గట్టు మీద ఎందుకు, చేను మధ్యలోనే పెట్టుకోమన్నాడు.