ఇస్తాంబుల్ గొడవల టైంలో మా క్రూజ్, ఒక్క మెయిల్ కోసం నేను పడిన అవస్థ (నా అనుభవం)

నిన్ననే అనంతపురం చేరినాం. బ్యాగులు ఇంకా హాల్లోనే ఉన్నాయి, అయినా ముందు ఇది రాసేస్తా, రేపు ఇంకెవరన్నా గొడవలు జరిగే దేశంలో షిప్ ఆగుతుందని తెలిసి భయపడితే వాళ్ళకు పనికొస్తుంది.

మేం పోయింది గ్రీసు, టర్కీ క్రూజ్. ఏథెన్స్ పక్కన పిరేయస్ పోర్టులో ఎక్కితే టర్కీలో కుశాదసి, ఇస్తాంబుల్, గ్రీసు దీవి మైకొనోస్ తిప్పి మళ్ళీ పిరేయస్‌లో దించుతారు. నేను, మా ఆయన, మా అత్త. అత్తకు మోకాళ్ళు నొప్పి, షిప్ అయితే రోజుకో హోటల్ మారే పని ఉండదని ఇదే ఎంచుకున్నాం. మా ఆయన రిటైర్ అయినప్పుడు వచ్చిన డబ్బుల్లోంచి కట్టినాం, అంటే మళ్ళీ వచ్చే డబ్బు కాదు.

వీసా పని ఏమంత కష్టం కాలేదు, బెంగళూరు పోయి వేలిముద్రలు ఇచ్చి వచ్చినాం. ఒక్కటి మాత్రం చూస్కోండి. షిప్ గ్రీసు నుంచి టర్కీ పోయి మళ్ళీ గ్రీసుకు వస్తుంది కాబట్టి షెంగెన్ వీసా (గ్రీసుతో పాటు చాలా యూరప్ దేశాలకు కలిపి ఒకటే వీసా) మల్టిపుల్ ఎంట్రీ ఉండాల, కనీసం డబుల్ అన్నా. ఆ వీసా ఉంటే టర్కీకి ఈ-వీసా ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. షెంగెన్‌కు ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తగ్గకూడదు.

అన్నీ చేతికొచ్చినాక 2025 మార్చి 19న ఇస్తాంబుల్ మేయర్ ఎక్రెమ్ ఇమామోగ్లును పోలీసులు పట్టుకుపోయినారు, 23న జైల్లో పెట్టినారు. సరాచానే అనే చోట మునిసిపల్ ఆఫీసు ముందర దానికి నిరసనగా రాత్రయితే చాలు వేలమంది జనం, సభలు జరపకూడదని ఆర్డర్, టియర్ గ్యాస్, ఊరి నడుమ ఉండే తక్సిమ్ సర్కిల్ మెట్రో స్టేషన్ మూత. నెలాఖరుకు పట్టుకున్నోళ్ళు 1,800 దాటినారని వాళ్ళ హోం మంత్రే చెప్పినాడు. ఇక్కడ యూట్యూబ్‌లో అయితే ఊరంతా తగలబడిపోతున్నట్టు ఎర్రక్షరాలు. కర్నూల్లో ఉండే మా ఆడపడుచు ఫోన్ చేసి "అమ్మను ఆ మంటల్లోకి తీస్కపోతావా వదినా" అని ఏడుపు.

నేను బుక్ చేసిన ట్రావెల్ ఆఫీసుకు ఫోన్ చేసినా. పేరు చెప్పను, బెంగళూరులో పెద్ద ఆఫీసే. డబ్బులు కట్టేదాకా పొద్దున గుడ్ మార్నింగ్, పండక్కి గ్రీటింగ్స్ పంపినోళ్ళు ఇప్పుడు ఫోనే ఎత్తరు. ఎత్తినా "షిప్ ఆగితే దిగండి మేడం, ఆగకపోతే దిగొద్దు, అంతే కదా" అంటాడు. అది కాదు నాయనా, ఇస్తాంబుల్ రద్దయితే మాకేమొస్తుంది, మేమే భయపడి మానుకుంటే ఎంత పోతుంది, షిప్ అక్కడ ఆగినా మేం దిగకుండా లోపలే ఉండొచ్చా, మీ టూర్ బస్సు రోడ్డు మీద ఇరుక్కుపోతే షిప్ మా కోసం ఆగుతుందా, ఇవి రాసి మెయిల్ పెట్టు అంటే, మెయిల్ ఎందుకు మేడం నేను చెప్తున్నా కదా అంటాడు. నోటిమాట రేపు ఎవరికి చూపించాల?

చివరికి మా ఆయన్ను తీసుకుని బస్సెక్కి ఆఫీసుకే పోయినా. పొద్దున్నుంచి కూర్చోబెట్టినారు. మా వెనకొచ్చినోళ్ళకు కాఫీలు, మాల్దీవుల ఫోటోలు, మమ్మల్ని మాత్రం ఆ సోఫా మీంచి ఈ కుర్చీకి, ఈ కుర్చీ నుంచి ఇంకో కౌంటర్‌కు. మధ్యాహ్నం దాటినాక ఒక మేనేజరు వచ్చి కాగితాలు కూడా తిప్పకుండా, "ఏ ఊరు మేడం మీది" అన్నాడు. అనంతపురం అన్నా. "రాయలసీమోళ్ళు అయ్యుండి గొడవలకు భయపడతారా, మీ దగ్గరే కదా బాంబులు" అని నవ్వినాడు. చుట్టూ ఉండే పిల్లలంతా నవ్వినారు. మా ఆయన తల దించుకుని "పోదాం పా, డబ్బులు పోతే పోనీ" అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేసిన మనిషి, ఆయన మొహం అట్ల అయిపోతే నాకు కడుపు మండిపోయింది.

నేను లేవలేదు. గట్టిగానే చెప్పినా. సీమ అంటే సినిమాల్లో చూసిన సుమోలు తప్ప మీకేం తెలుసు? గొడవంటే ఏందో మాకు తెలుసు కాబట్టే అడుగుతాండాం. బంద్ రోజు సప్తగిరి సర్కిల్లో టైర్లు కాలుతుంటే మా వీధిలో కూరగాయల బండి మామూలుగా తిరుగుతుంటాది. ఏ రోడ్డు ఎన్ని గంటలకు మూస్తారో తెలిసినోడు పని చూసుకుని ఇంటికి పోతాడు, తెలియనోడు లాఠీ దెబ్బ తింటాడు. నేను అడిగేది ఆ రోడ్డు సంగతీ మా డబ్బు సంగతీ, మీరు రాసిచ్చేదాకా ఈడ్నుంచి కదలను అన్నా. నా గొంతు బయట లిఫ్ట్ దాకా వినిపించిందంట, తర్వాత మా ఆయన చెప్పినాడు. సాయంత్రం ఆఫీసు మూసే టైంకు మెయిల్ వచ్చింది. ఫోన్లో తెరిచి చదివినాకనే లేచినా. ఆడోళ్ళు ఆఫీసులో గొంతు పెంచితే మర్యాద కాదు అనేవాళ్ళు ఇంట్లోనే కూర్చోండి, నాకు మాత్రం పని జరిగింది.

మెయిల్లో తేలింది ఇదీ. కెప్టెన్ ఏ పోర్టునైనా ఎప్పుడైనా మానేయొచ్చు, దానికి నష్టపరిహారం ఉండదు, ఆ పోర్టు ట్యాక్సు మాత్రం వెనక్కిస్తారు. అంత దగ్గరపడినాక మేమే మానుకుంటే పైసా రాదు. పోర్టులో దిగమని ఎవరూ బలవంతం చేయరు, లోపలే ఉండి భోజనం చేసి పడుకోవచ్చు. షిప్ వాళ్ళ టూర్లో పోయి లేటైతే షిప్ ఆగుతుంది, సొంతంగా ట్యాక్సీలో పోయి లేటైతే వదిలేసి పోతుంది, తర్వాతి పోర్టుకు మన ఖర్చుతో మనమే చేరుకోవాల. ఈ చివరిది బుక్ చేసేటప్పుడు ఒక్కడూ చెప్పడు. ఇన్సూరెన్స్ వాళ్ళను అడిగితే ఇంకా ఘోరం, మా పాలసీలో భయంతో మానుకున్నదానికి ఏమీ లేదు, అల్లర్లకు కూడా లేదు. మీ పాలసీలో 'ఇవి వర్తించవు' అనే పేజీ ఉంటుంది, ముందు అదే చదవండి.

ఇంక నిర్ణయం మాదే. షిప్ కంపెనీలు నిజంగా ప్రమాదం అనుకుంటే వాళ్ళే మానేస్తాయి. 2015 మార్చిలో ట్యునీషియాలో బార్డో మ్యూజియం మీద దాడి జరిగి క్రూజ్ ప్రయాణికులే చనిపోయినాక షిప్పులు అక్కడికి పోవడం ఆపేసినాయి. 2016లో ఎయిర్‌పోర్టు మీద దాడి, సైన్యం తిరుగుబాటు అయినాక ఇస్తాంబుల్‌ను కూడా చాలా కంపెనీలు కొన్నేళ్ళు వదిలేసినాయి. 2023 అక్టోబర్‌లో యుద్ధం మొదలైనాక ఇజ్రాయెల్‌లోని హైఫా అంతే. ఈసారి మా షిప్ మానలేదు. బ్రిటన్ ప్రభుత్వం తన జనానికి పెట్టే సలహా ఎవరైనా చదువుకోవచ్చు, అందులో అప్పుడు టర్కీలో అసలు పోవద్దన్నది సిరియా సరిహద్దుకు 10 కిలోమీటర్ల లోపల, అది దేశం ఆ చివర. ఇస్తాంబుల్ గురించి జనం గుంపు కట్టిన చోటికి పోవద్దని ఉండింది. మ్యాపు పెట్టుకుని చూసినా. షిప్ ఆగేది గలాటాపోర్ట్, మేం చూడాల్సింది వంతెన అవతల పాత ఊరు సుల్తానహ్మెత్, సరాచానే ఇంకా లోపలికి, తక్సిమ్ ఇవతల గుట్ట పైన. గుంపులు చేరేది ఎక్కువగా సాయంత్రం. కాబట్టి పొద్దున టూర్, అదీ షిప్ వాళ్ళదే, మధ్యాహ్నానికి వెనక్కి, తక్సిమ్ వైపు కాలు పెట్టేది లేదు. ఇస్తాంబుల్‌లో మన కాన్సులేట్ ఉంది, దాని నంబరు కాగితం మీద రాసి ముగ్గురి జేబుల్లో పెట్టినా, ఫోన్ పోయినా కాగితం ఉంటుంది కదా.

ఆ రోజు ఏం జరగలేదు. గలాటాపోర్ట్‌లో షిప్ వచ్చినప్పుడు గట్టు మీద నేలే పలకలుగా పైకి లేచి గోడ అవుతుంది, చెకింగ్ అంతా నేల కింద. వంతెన దాటినాక ఒక మూల ఇనుప బారికేడ్లు పేర్చి గొలుసు వేసి పెట్టినారు, పక్కన పోలీసు బస్సు, లోపల కుర్ర పోలీసులు నిద్రపోతాండారు. ఆ బస్సుకు ఆనుకునే ఒకాయన నువ్వులద్దిన గుండ్రటి రొట్టెలు అమ్ముతుంటే మా అత్త ఒకటి కొనిపించుకుని సగం తిని సగం కొంగులో కట్టుకుంది. హాగియా సోఫియా, నీలం మసీదు చూసి రెండింటికల్లా షిప్‌లో ఉన్నాం. ఆడపడుచుకు వీడియో కాల్ చేసి వాళ్ళమ్మను చూపించినా.

ఆగకుండా పోయింది మైకొనోస్! గాలి ఎక్కువగా ఉందని కెప్టెన్ మైకులో చెప్పి నేరుగా ముందుకు పోయినాడు. ఆ పోర్టు ట్యాక్సు దిగే ముందు రాత్రి క్యాబిన్ బిల్లులో తగ్గించి చూపించినారు. మీరు కూడా ఆ బిల్లు దిగకముందే కౌంటర్‌లో చూస్కోండి, మా పక్క క్యాబిన్ వాళ్ళకు పడలేదు, అడిగినాక వేసినారు.