పొర మొత్తం ఒక్కటిగా లేచింది

కణాల పొర పెంచిన డిష్‌ని వెచ్చని ఇంక్యుబేటర్ లోంచి తీసి అరగంట దాటింది. 20 డిగ్రీల దగ్గర పెట్టి, మైక్రోస్కోప్ లోంచి కళ్ళు తియ్యకుండా చూస్తున్నా. ఏమీ కదల్లేదు. అంతలో ఒక అంచు మెల్లగా మడత పడింది.

పాల మీద మీగడని చెంచాతో జరిపితే ముడుచుకుంటూ వస్తుందే, అచ్చం అలాగే. కానీ ఇక్కడ ఎవరూ జరపలేదు. చల్లదనం ఒక్కటే.

ఇన్నేళ్ళూ ట్రిప్సిన్ అనే ఎంజైమ్ వేసే కణాల్ని డిష్ నుంచి ఊడదీశాను. అది కణాల మధ్య పట్టుని కూడా తెంపేస్తుంది. ఈ డిష్ అడుగున ఉన్న పూత పీనైపామ్ అనే పాలిమర్. 37 డిగ్రీల దగ్గర నీటిని వదిలేసి ముడుచుకుంటుంది, కణాలు అంటుకుంటాయి. 32 కిందికి రాగానే నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, కణాలు డిష్‌ని వదిలేస్తాయి. ఒకదాన్నొకటి మాత్రం వదలవు!

పూత మందం 20 నానోమీటర్ల దగ్గర ఉండాలి. కాస్త ఎక్కువైతే కణాలు అసలు అంటుకోవు. రెండు నెలలుగా నా టెన్షన్ అంతా దాని గురించే.

టోక్యోలో ఒకానో అనే శాస్త్రవేత్త గారి బృందం 1990 నాటికే మొదలుపెట్టిన పని ఇది. 2004లో ఒసాకా డాక్టర్లు నోటి లోపలి కణాలతో ఇలాంటి పొర పెంచి, నలుగురి కళ్ళకి కుట్లు లేకుండా అతికించారు. ఆ పేపర్ ఎన్నిసార్లు చదివానో. ఈరోజు నా డిష్‌లోనే రూపాయి బిళ్ళంత పొర తేలుతుంటే చేయి వణికింది.

ఫోటో తీసేలోపే ఇంకో అంచు ముడుచుకుపోయింది. రేపటికి ఇంకా రెండు డిష్‌లు ఉన్నాయి.