మేనేజ్‌మెంట్ 'మా వైపు సాక్ష్యం లేదు' అని మెమో వేస్తే

లేబర్ కోర్టులో కార్మికుడి క్రాస్ (అవతలి లాయరు చేసే ఎదురు ప్రశ్నలు) అయిపోతుంది. తర్వాతి వాయిదాకి మేనేజ్‌మెంట్ లాయరు రెండు లైన్ల మెమో వేస్తాడు: మా వైపు సాక్షులు లేరు, అవతలివాళ్లు రుజువు చేసుకోలేదు, క్లెయిమ్ కొట్టేయండి. కంపెనీ చేతులెత్తేసిందని కార్మికుడు సంబరపడతాడు. తొందరపడకూడదు. రుజువు చేయాల్సిన భారం తన మీదే ఉండి, ఫైల్లో సరైన కాగితం లేకపోతే అవతలివాళ్లు నోరు విప్పకుండానే గెలుస్తారు.

బెంగళూరులోని పీణ్య, బొమ్మసంద్ర షెడ్లలో పనిచేసే అనంతపురం, చిత్తూరు జిల్లాల వాళ్ల కేసులు ఎక్కువగా తేలిపోయేది 240 రోజుల దగ్గరే. పని మాన్పించిన తేదీకి ముందరి పన్నెండు నెలల్లో 240 రోజులు చేసినట్టు తేలితేనే, నెల నోటీసూ ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారమూ ఇవ్వకుండా తీసేశారన్న వాదన నిలబడుతుంది. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చినా ఈ లెక్క పోలేదు. 'ఎనిమిదేళ్లు చేశాను' అని అఫిడవిట్లో రాసుకుంటే చాలదని 2002లో హదిమని కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది కర్ణాటక అటవీ శాఖ కేసే. 2005లో ఎల్లట్టి కేసులో కాస్త ఊపిరి పోసింది: దినకూలీకి అపాయింట్‌మెంట్ ఆర్డరూ రసీదులూ ఎక్కడివి, అతను బోనెక్కి చెప్పి, మస్టర్ రోల్ (హాజరు పట్టీ), వేతనాల రిజిస్టరు కంపెనీ నుంచి తెప్పించమని అడగొచ్చు అంది. కంపెనీ అవి తేకపోతే దానికి ప్రతికూలంగా భావించాలా వద్దా అన్నది కేసును బట్టే ఉంటుంది, తనంతట తాను జరిగిపోదు. అందుకే తెప్పించమనే దరఖాస్తు తన సాక్ష్యం ముగియకముందే వేయాలి. 'రికార్డులన్నీ' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ రిజిస్టరు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, దాంతో ఏం తేలాలి అన్నది రాయాలి.

రోజులు లెక్కపెట్టడంలోనే సగం కేసులు చెడతాయి. పని చేసిన రోజులే కాదు, జీతం చెల్లించిన ఆదివారాలూ సెలవులూ కూడా కలుస్తాయి. 1985లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కేసులో తేలింది ఇదే. అంటే 190 రోజులు పని, 42 ఆదివారాలు, 8 సెలవులు ఉంటే 240 అయినట్టే. 190 చూసి వదిలేసుకోకండి.

పీఎఫ్ పాస్‌బుక్ ఒక్కటే పెడితే డబ్బు కనిపిస్తుంది గానీ రోజులు కనిపించవు. ఈఎస్ఐ కంట్రిబ్యూషన్ వివరాల్లో నెలకి ఎన్ని రోజులకి జీతం ఇచ్చారో ఉంటుంది, అది మేలు. అయితే మార్క్ చేసే ముందు, అంటే కోర్టు రికార్డులోకి ఎక్కించే ముందు, చదవండి. చందా తగ్గించుకోవడానికి ఇరవై ఆరు రోజులు చేయించుకుని పన్నెండే చూపించే కాంట్రాక్టర్లు ఉన్నారు. అలాంటి కాగితం మీ చేత్తో మీరే పెడితే క్రాస్‌లో అదే మీ మెడకి చుట్టుకుంటుంది. బ్యాంకు స్టేట్‌మెంటు, గేటు పాసు, షిఫ్టు గురించి సూపర్‌వైజరు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు దాని పక్కన ఉండాలి. సాక్ష్య చట్టం లేబర్ కోర్టుకి అక్షరాలా వర్తించకపోయినా, ఫోన్ ప్రింటుకి భారతీయ సాక్ష్య అధినియం (ఇప్పటి సాక్ష్య చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయడం మంచిది. ప్రతి కాగితానికీ ఎగ్జిబిట్ నంబరు (కోర్టు సాక్ష్యంగా వేసే నంబరు) పడిందో లేదో చూసుకోవాలి.

మనవాళ్లకి ఇంకో చిక్కు. హాజరు రాసుకున్న నోట్‌బుక్ తెలుగులో ఉంటుంది. ఇంగ్లీషు లేదా కన్నడ అనువాదం లేకుండా పెడితే దాన్ని చదివేవాళ్లుండరు. ఇంగ్లీషు అఫిడవిట్ మీద సంతకం పెట్టేటప్పుడు తెలుగులో చదివి వినిపించారన్న వాక్యం ఉండాలి. లేకపోతే క్రాస్‌లో మొదటి ప్రశ్న 'ఇందులో ఏముందో మీకు తెలుసా' అన్నదే.

తప్పు చేశాడంటూ కంపెనీయే ఎంక్వైరీ పెట్టి డిస్మిస్ చేసిన కేసులో లెక్క తిరగబడుతుంది. ఎంక్వైరీ సక్రమంగా జరిగిందని మేనేజ్‌మెంటే చూపాలి. అది చెల్లదని తేలితే ఆరోపణని కోర్టులో కొత్తగా రుజువు చేసే అవకాశం అడగొచ్చు. కానీ ఆ మాట జవాబు పత్రంలోనే రాసుకుని ఉండాలని 2001లో కర్ణాటక ఆర్టీసీకీ లక్ష్మీదేవమ్మకీ మధ్య జరిగిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అంది. అక్కడ రాయని కంపెనీ 'సాక్ష్యం లేదు' అని మెమో వేస్తే దెబ్బ దానికే. జవాబు పత్రం రాగానే ఆ పేరా కోసం వెతకండి.

'ముందు ఈ ఒక్క పాయింటు తేల్చి కేసు మూసేయండి' అని ప్రిలిమినరీ ఇష్యూ లేవదీస్తే, 1983 నాటి డి.పి. మహేశ్వరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చూపించండి. లేబర్ వివాదాల్ని ముక్కలు చేసి ఏళ్ల తరబడి సాగదీయొద్దని, అన్ని ఇష్యూలూ కలిపి తేల్చాలని అందులో ఉంది.

మెమో వచ్చాక ఫైల్లో లోటు కనిపిస్తే వాదనలు మొదలవకముందే కార్మికుడి సాక్ష్యం తిరిగి తెరవమని దరఖాస్తు వేయాలి. కొత్త కాగితాల నకళ్లూ, ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదో కారణమూ దాంతోపాటే ఇవ్వాలి. అవార్డుకి (లేబర్ కోర్టు తీర్పుకి) రిజర్వ్ అయ్యాక వేస్తే, కారణం ఎంత మంచిదైనా ఒప్పించడం కష్టం.