కంట్రోల్ ఈ కొడితే చాలట

పన్నెండు దాటింది. రేపు ఫస్ట్ పీరియడే నాది, పడుకోవాలి. కానీ మా తమ్ముడి కొడుకు చిన్నోడన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఇక్కడ కక్కేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

తమ్ముడూ మరదలూ ఏదో రిసెప్షన్‌కి పోతూ వాణ్ణి మా ఇంట్లో దింపారు. అప్పటికే నేను నా కుర్చీలో ఉన్నాను. ఆదివారం సాయంత్రం నేనెక్కడుంటానో మీకు తెలుసుగా, కంప్యూటర్లో విమానం నడిపే సిమ్యులేటర్ ముందు. శంషాబాద్ నుంచి విశాఖపట్నం, ఎయిర్‌బస్ ఏ320. ఎప్పట్నించో వాయిదా పడుతున్న ప్రయాణం. మామూలుగానే గేటు దగ్గర మొదలుపెట్టాను. సిమ్యులేటర్లో రన్‌వే మీద మొదలుపెడితే ఇంజన్లు తిరుగుతూ, లైట్లు వెలుగుతూ, ఇక నీదే ఆలస్యం అన్నట్టుంటుంది విమానం. గేటు దగ్గర అలా కాదు. కోల్డ్ అండ్ డార్క్. తెరలన్నీ నల్లగా ఉంటాయి, చిన్న చప్పుడు కూడా ఉండదు.

వాడొచ్చి పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "విమానం పాడైపోయిందా అత్తా?" అన్నాడు. "లేదురా, ఆపేసి ఉంది. ఎలా లేపుతానో చూడు" అని ఉత్సాహంగా చూపించడం మొదలుపెట్టాను. నెత్తిమీది ప్యానెల్‌లో అంత చీకట్లోనూ రెండు చిన్న అంకెలు కనిపిస్తుంటాయి. బ్యాటరీల వోల్టేజీ. 25.5 కన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే ముందు ఛార్జింగ్ సంగతి చూసుకోవాలి. ఉంది. బ్యాటరీ ఒకటి, బ్యాటరీ రెండు నొక్కాను. అక్కడక్కడా కాషాయం రంగు లైట్లు వెలిగాయి. నేల మీదున్న బండి నుంచి కరెంటు వచ్చి ఉంటే ఎక్స్‌టర్నల్ పవర్ బటన్ మీద పచ్చగా 'అవైల్' అని పడుతుంది. దాన్ని నొక్కగానే ఫ్యాన్లు హోరుమన్నాయి, తెరలు ఒక్కొక్కటే వెలిగాయి. ఆ ఒక్క క్షణం కోసం నేను వారమంతా పేపర్లు దిద్దగలను.

తర్వాత మూడు నాబ్‌లు 'నావ్', అంటే నావిగేషన్, దగ్గరికి తిప్పాలి. వాడికి బోర్ కొట్టడం మొదలైంది ఇక్కడే. నాకు అసలు మజా కూడా ఇక్కడే. ఆ నాబ్‌లతో పనిచేసే పెట్టెల్లో లేజర్ జైరోలుంటాయి, ఏ చిన్న తిరుగుడునైనా కనిపెట్టే పరికరాలు. విమానం కదలకుండా నిలబడి ఉంటే, కింద భూమి తిరగడాన్ని అవి పసిగడతాయి. గంటకి 15 డిగ్రీలు, అంతే. మనకి పుట్టినప్పట్నించీ తెలియని ఆ తిరుగుడుని పట్టుకుని ఉత్తరం ఎటుందో తేల్చేసుకుంటాయి, దిక్సూచి అక్కర్లేకుండా. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. భూమధ్యరేఖకి దగ్గరైతే తొందరగా అవుతుంది, ధ్రువాల వైపు పోయేకొద్దీ ఆలస్యం. ఆ కాసేపూ విమానాన్ని కదపకూడదు. కదిపితే మళ్ళీ మొదటికొస్తుంది.

"దేన్నీ ముట్టుకోకురా" అని చెప్పి, పాలు తోడుపెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి రెండు ఇంజన్లూ హోరెత్తుతున్నాయి. "ఎందుకత్తా అంతసేపు? కంట్రోల్ ఈ కొడితే చాలు కదా!" కీబోర్డు మీద ఆ రెండూ కలిపి నొక్కితే ఇంజన్లు వాటంతటవే స్టార్టవుతాయని యూట్యూబ్‌లో చూశాడట. గేటు దగ్గర విమానం ముక్కు టెర్మినల్ వైపుంటుంది, ట్రాక్టరొచ్చి వెనక్కి తోస్తే గానీ బయటపడదు. ఆ సంగతి వాడు చూసిన వీడియోలో లేనట్టుంది. బ్రేకు తీసి థ్రాటిల్ ముందుకి తోశాడు. నా విశాఖపట్నం విమానం ఏరోబ్రిడ్జిని తగిలించుకుని మరీ టెర్మినల్ అద్దాల్లోకి వెళ్ళింది.

నేనేం అనలేదు. అనలేదు అంటే వాణ్ణి అనలేదు. హాల్లోంచి ఆయన "ఎగిరిందా?" అనడిగారు. లేదన్నాను. "గంట నుంచీ కూర్చున్నావు, మరి ఇంతసేపూ ఏం చేసినట్టు?" స్విచ్చులు వేశానన్నాను. ఆ నవ్వుంది చూశారూ, దానికి మండింది నాకు. ఈయనగారు ఆదివారం పొద్దున్నంతా బైకు తుడుస్తారు. స్పోక్ స్పోక్‌కీ గుడ్డ పెట్టి తుడుస్తారు. తుడిచి ఎక్కడికెళ్తారు? ఎక్కడికీ వెళ్ళరు. కవరు కప్పి లోపలికొచ్చి టిఫిన్ అడుగుతారు. నేనెప్పుడైనా "ఎక్కడిదాకా వెళ్ళొచ్చారు?" అని అడిగానా?

చిన్నోడు వెళ్ళాక పంతం కొద్దీ నేనే మళ్ళీ లోడ్ చేసి కంట్రోల్ ఈ కొట్టి చూశాను. స్విచ్చులు వాటంతటవే చకచకా పడిపోయాయి, మనిషితో పనే లేదు. ఏది ముందు పడిందో, ఏది తర్వాతో కంటికి ఆనలేదు. నా బాధ అదే. వరుస అంటే ఊరికే పెట్టింది కాదు. ఏ320లో మామూలుగా రెండో ఇంజన్‌ని ముందు స్టార్ట్ చేస్తారు, ఎందుకంటే పార్కింగ్ బ్రేకుకి ఒత్తిడి ఇచ్చే పసుపు రంగు హైడ్రాలిక్ సిస్టం ఆ ఇంజన్ మీద ఉంటుంది. తోకలో ఉన్న చిన్న ఇంజను, అదే ఏపీయూ, గాలి పంపిస్తే పెద్ద ఇంజను నెమ్మదిగా తిరగడం మొదలవుతుంది. సీఎఫ్ఎం కంపెనీ ఇంజన్లలో వేగం 16 శాతం దగ్గర నిప్పురవ్వ, 22 దగ్గర ఇంధనం. అప్పుడు ఉష్ణోగ్రత ముల్లు లేస్తుంది. 50 దాటాక ఇక గాలి అక్కర్లేదు, దాని కాళ్ళ మీద అది తిరుగుతుంది. ఆ 16కీ 22కీ మధ్య ఊపిరి బిగబట్టి చూస్తాను నేను. వందసార్లు చూసినా అంతే.

ముందు బయటి బలంతో తిప్పాలి, ఊపందుకున్నాకే అసలు పని. తాతయ్య ఆయిలింజనూ అంతే కదా!

కాలవగట్టు మీద రేకుల షెడ్డు. అందులో అయిదు హార్స్‌పవర్ నల్ల ఇంజను, దానికి బండ చక్రాలు. ముందు డీజిల్ ట్యాంకులో పుల్ల ముంచి చూసేవాడు తాతయ్య. తర్వాత పంపులోకి బిందెతో నీళ్ళు పొయ్యాలి. పైపు అడుగున నీళ్ళు జారిపోకుండా ఆపే ఫుట్‌వాల్వు సరిగ్గా పట్టకపోతే పోసినవన్నీ కాలవ పాలే, మళ్ళీ ముంచుకు రావాలి. ఆ బిందెల చాకిరీ మొత్తం పిల్లలది. పైపులో గాలి పట్టిందంటే ఇంకో తంతు. నట్టు వదులు చేసి, బుడగలు పోయి నిఖార్సైన డీజిల్ వచ్చేదాకా పంపు కొట్టి, మళ్ళీ బిగించాలి. ఇవన్నీ అయ్యాక హ్యాండిల్. బొటనవేలు కూడా మిగతా వేళ్ళ వైపే పెట్టి పట్టుకోవాలి. చుట్టి పట్టుకున్నామో, ఇంజను ఎదురు తన్నినప్పుడు చెయ్యి విరుగుతుంది. పెదమామయ్యకి మణికట్టు అలాగే విరిగింది. అందుకని ఆడపిల్లల్ని హ్యాండిల్ దరిదాపులకి రానిచ్చేవాడు కాదు తాతయ్య. నాకన్నా రెండేళ్ళు చిన్నవాడు పెదమామయ్య కొడుకు, వాణ్ణి మాత్రం "పట్టరా" అనేవాడు. వాడి మణికట్టు ఇనుముతో చేసింది కాబోలు.

నాకు దక్కింది లివర్. ఇంజను నెత్తిన చిన్న లివర్ ఉండేది. అది ఎత్తి ఉన్నంతసేపూ లోపల గాలి నొక్కుకోదు కాబట్టి చక్రం తేలిగ్గా తిరుగుతుంది. తాతయ్య తిప్పీ తిప్పీ, మెడనరాలు ఉబ్బి, ఇక చాలనుకున్నప్పుడు "వెయ్యవే!" అని అరిచేవాడు. ఠక్కున దించాలి. తొందరపడితే చక్రం అక్కడే బిగుసుకుపోతుంది, ఆలస్యమైతే తాతయ్య చేతులు పడిపోతాయి. సరిగ్గా వేస్తే ఒక్క క్షణం తటపటాయించి, టప్... టప్... టప్‌టప్‌టప్. గొట్టంలోంచి నల్లపొగ, షెడ్డంతా డీజిల్ వాసన. అవతల నీళ్ళు పడగానే అందరూ కాలవలోకి గెంతేవాళ్ళు. అమ్మాయి సమయానికి వేసింది కాబట్టే అందుకుంది అని తాతయ్య ఒక్కసారైనా అన్నాడా? అనలేదు. పేరంతా హ్యాండిల్ తిప్పినవాళ్ళకే.

ఎక్కడికో వెళ్ళిపోయాను. చిన్నోడి సంగతి కదా.

వాణ్ణి దింపేసి వస్తానని తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతూ కూడా "నిజం పైలట్లు ఇలాగే చేస్తార్రా, కంట్రోల్ ఈ లు ఉండవు అక్కడ" అని వాడికి వినపడేలా అన్నాను. ఇప్పుడు రాస్తుంటే అనుమానంగా ఉంది. నిజం పైలట్లకి పూర్తిగా ఆరిపోయిన విమానం రోజూ ఎక్కడ దొరుకుతుంది? ఒక ప్రయాణం ముగించి వచ్చిన విమానం అరగంటో ముప్పావుగంటో ఆగి మళ్ళీ బయల్దేరుతుంది. ఆ మధ్యలో దాన్ని చీకటి చెయ్యరు, కరెంటు ఉండగానే జనం దిగుతారు, జనం ఎక్కుతారు. తెల్లవారుజామున మొదటి ట్రిప్పుకైనా చాలాచోట్ల ఇంజనీర్లు ముందే వచ్చి కరెంటు వేసి సిద్ధం చేసి పెడతారు. నేను ఆదివారాలు చేసే పనిలో చాలా భాగం అసలు పైలట్లది కానే కాదేమో! దానికి తోడు మా సిమ్యులేటర్ విమానంలో అలైన్‌మెంట్, అంటే ఆ జైరోలు ఉత్తరం తేల్చుకోవడం, కూడా తక్షణం అయిపోయేలా పెట్టుకునే సెట్టింగ్ ఒకటుంది. దాన్ని వాడే పెద్దపెద్దవాళ్ళున్నారు, ఎవరూ వాళ్ళని ఏమీ అనరు.

మరి వాడు చేసిందాంట్లో అంత ఘోరం ఏముంది? వాడికి మబ్బులు కావాలి. వాడి వయసులో నేనూ కాలవలోకి గెంతడానికే చూసేదాన్ని, నీళ్ళు పడేదాకా ఆగలేకపోయేదాన్ని. కాకపోతే గోడకేసి గుద్దకుండా ఉండాల్సింది. అదొక్కటే వాడి తప్పు. ముట్టుకోవద్దన్నాక ముట్టుకోవడం రెండోది. సరే, రెండు.

అయినా ఏ320 వాడికి ముందే పెట్టడం ఏమిటి, అంత ప్యానెల్ చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఈసారి వస్తే సెస్నా 172 అనే ఒంటి ఇంజను చిన్న విమానంలో కూర్చోబెడతాను. అదీ కోల్డ్ అండ్ డార్కే, కానీ వరుసలో కొన్ని మెట్లే. బ్యాటరీ మాస్టర్ వేసి, ఫ్యూయల్ సెలెక్టర్ 'బోత్'లో, అంటే రెండు ట్యాంకుల మీదా, పెట్టి, పంపు ఆన్ చేసి, ఇంధనం పాళ్ళు చూసే మిక్స్చర్ నాబ్ మూడు నుంచి అయిదు సెకన్లు లోపలికి తోసి మళ్ళీ లాగెయ్యాలి. తర్వాత తాళం తిప్పడమే. కళ్ళెదురుగానే ప్రొపెల్లర్ తిరుగుతుంది. అది అందుకోగానే మిక్స్చర్ మళ్ళీ లోపలికి తొయ్యాలి, లేకపోతే ఆగిపోతుంది. ఇద్దరు చేస్తే ఇంకా బావుంటుంది. తాళం వాడికిస్తాను, మిక్స్చర్ నేను చూసుకుంటాను. "వెయ్యత్తా!" అని వాడు అరవాలి, ముందే చెప్పి ఉంచాలి.

విశాఖ అంటే వాడు మధ్యలో నిద్రపోతాడు. బేగంపేటలో లేచి, నాగార్జునసాగర్ డ్యాం మీదుగా ఒక రౌండ్ కొట్టి వచ్చేస్తే సరి.