నాన్న వైపు ఎవరికి ఉందో కూడా అడగండి

మా పెదనాన్న కూతురికి 41 ఏళ్లకే బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చింది. మా మేనత్త అంతకుముందే ఓవరీ క్యాన్సర్‌తో పోయింది. బ్రెస్ట్, ఓవరీ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యు లోపం ఉందేమో చూసే బీఆర్‌సీఏ పరీక్ష రాయడానికి ఈ రెండు సంగతులు చాలు. కానీ గుంటూరులో ఆపరేషన్ అయ్యి, కీమో కూడా అయిపోయేదాకా ఆ పరీక్ష పేరు అక్కకి ఎవరూ చెప్పలేదు. ఓపీలో అడిగిందల్లా అమ్మకి ఉందా, అక్కచెల్లెళ్లకి ఉందా అనే. నాన్న వైపు గురించి ఒక్క ప్రశ్న లేదు.

బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో లోపం తల్లి నుంచి ఎంత వస్తుందో తండ్రి నుంచీ అంతే వస్తుంది, ఆడైనా మగైనా ప్రతి బిడ్డకీ సగం అవకాశం. ఆ లోపం ఉన్న ఆడవాళ్లలో 80 ఏళ్లలోపు దాదాపు 70 శాతం మందికి బ్రెస్ట్ క్యాన్సర్ వస్తుంది. బీఆర్‌సీఏ2 అయితే మగవాళ్లకి ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. ఇంత ఉంటే, పెదనాన్న మాట ఎత్తగానే "మగాడికి ఈ పరీక్షేంటి" అన్నారు మా ఇంట్లో.

అమెరికాలో ఎవరికి ఈ పరీక్ష అందుతుందన్నది ఒంటి రంగును బట్టి మారుతోంది, అది చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. కుటుంబంలో క్యాన్సర్ ఉన్న ఆడవాళ్లనే తీసుకుని 2005లో ఒక అధ్యయనం చేస్తే, బీఆర్‌సీఏ పరీక్ష కోసం జన్యు కౌన్సెలింగ్‌కి వెళ్లినవాళ్లలో నల్లజాతి ఆడవాళ్లు తెల్లవాళ్లకంటే బాగా తక్కువ. ఆదాయం, భయం, పరీక్ష మీద అభిప్రాయం, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. తర్వాత 2016లో వచ్చిన ఇంకో అధ్యయనంలో అసలు విషయం బయటపడింది: ముప్పు ఒకటే అయినా, పరీక్ష చేయించుకోమని డాక్టరు చెప్పడమే నల్లజాతివాళ్లకి తక్కువ. అక్కడ బ్రెస్ట్ క్యాన్సర్‌తో చనిపోయే రేటు తెల్లవాళ్లకంటే వాళ్లలో సుమారు 40 శాతం ఎక్కువ. దానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ, ముందే పసిగట్టే దారి కొందరికి మూసి ఉండటం మామూలు విషయం కాదు.

మనకి ఆ రంగు గొడవ లేదు కదా అనుకోవద్దు. పరీక్ష చేయించుకున్నాక మనమూ అదే వరసలో నిలబడతాం. అక్క రిపోర్టులో "వీయూఎస్" అని వచ్చింది, అంటే మార్పు కనిపించింది గానీ అది ప్రమాదమో కాదో తేలలేదు. ఇన్నేళ్లుగా పోగుచేసిన జన్యు సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవాళ్లది, కాబట్టి వాళ్లలో కనపడే మార్పులకి జవాబు తొందరగా దొరుకుతుంది. నల్లజాతివాళ్లకీ, ఆసియావాళ్లకీ ఈ తేలని జవాబే ఎక్కువగా వస్తుంది. వేలకి వేలు పోసి, వారాలు టెన్షన్ పడి, చివరికి ఇదా అని అక్క ఏడ్చింది. మనదేశంలో జీనోమ్ ఇండియా అనే ప్రభుత్వ ప్రాజెక్టు వాళ్లు 10,000 మంది జన్యు సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులోకి తెచ్చారు, ఇంకా చాలా రావాలి.

ఇలాంటి రిపోర్టు మీకూ వస్తే, దాన్ని మాత్రమే చూసి రొమ్ములు తీయించుకునే నిర్ణయం తీసుకోకండి. వీటిలో ఎక్కువ శాతం తర్వాత హానిలేనివని తేలుతున్నాయి. అలాగని రిపోర్టు పారేయొద్దు, ఏమైనా తేలిందా అని ఏడాదికోసారి ల్యాబ్‌కి ఫోన్ చేయండి.

ఇంకో సంగతి మా చుట్టాలకే చెప్పాలి. "పెళ్లి కావాల్సిన పిల్లలున్నారు, బయట అనకు" అని మేనత్త జబ్బు పేరు ఇన్నేళ్లు దాచారు. చాలామంది పిల్లలకి ఆవిడ దేనితో పోయిందో కూడా తెలియదు, మరి డాక్టరు అడిగితే ఏం చెప్తారు?

ఆవిడ నాకూ మేనత్తే. అక్కలో తేలని మార్పుని నాలో వెతికినా ఉపయోగం లేదని జన్యు కౌన్సెలర్ అన్నారు, కుటుంబ చరిత్రని బట్టే చెకప్‌లు మొదలుపెట్టమన్నారు. వచ్చే నెల విజయవాడలో స్కానింగ్ ఉంది, చెల్లెల్ని కూడా తీసుకెళ్తున్నాను.