నలుగురు కాదు, ఐదుగురు

ఉప్పల్‌లో ఆరింటికి ఎక్కితే జనగామ దాకా నిలబడే ఉన్నాను. మధ్యలో బస్సు ఆపిన చోట మూడు ఇడ్లీలకు తీసుకున్న డబ్బుతో మా గల్లీలో ఇద్దరు కడుపునిండా తినొచ్చు. చట్నీలో నీళ్లు తప్ప ఏమీ లేవు. మేనత్త దినాలకు పోతూ ఇడ్లీల గురించి గొణుక్కుంటున్నానేంటని నాకే సిగ్గేసింది. అసలు బాపు రావాల్సింది. కంటి ఆపరేషనై వారమే కావడంతో నన్ను పంపాడు.

హన్మకొండలో నర్సంపేట బస్సు మారాను. ఫిబ్రవరి కదా, ఎవరో సీటు కింద మిర్చి బస్తా తోశారు. కుదుపు కుదుపుకీ బస్సంతా ఒకటే తుమ్ములు. ఏటా ఈ రోజుల్లోనే అత్తమ్మ ఈ దారిన పోయే బస్సాపి, డ్రైవర్ చేతిలో చపాటా మిరపకాయల సంచి పెట్టి, ‘హన్మకొండల మా తమ్ముడుంటడు, ఇయ్యి బిడ్డా’ అనేది. ఎర్రగా, బొద్దుగా, టమాటాల్లా ఉండే కాయలు. రంగే గానీ కారం ఉండదు. మేం హైదరాబాద్ వచ్చేశాక సంచీ ఆగిపోయింది. ఆ చపాటాకు 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి ఫోన్ చేస్తే, ‘గుర్తింపొస్తే ధరొస్తదా?’ అంది.

దుగ్గొండి దగ్గరికి రాగానే పక్క సీటు పెద్దాయన ‘మొగిలయ్యది దుగ్గొండే’ అన్నాడు. ఏ మొగిలయ్య అని అడగక్కర్లేదు. 2023లో ‘బలగం’ చివర్లో భార్య కొమురమ్మతో కలిసి పాడి ఊళ్లకు ఊళ్లను ఏడిపించిన పస్తం మొగిలయ్య. కిన్నెర మొగులయ్య వేరు, ఈయన వేరు. కిడ్నీల జబ్బుతో 2024 డిసెంబర్ 19న పోయాడు. ఆ పాట సినిమా కోసం పుట్టించిన వింతేం కాదు. చావు జరిగిన ఇంటికొచ్చి, పోయినవాళ్ల బతుకును కథగట్టి పాడటం బుడగ జంగాలకు తాతల నాటి పని. ఇంతకాలం నేను చూసింది మాత్రం తెర మీదే.

అత్తమ్మ వాకిట్లో టెంటు కింద జంగమాయన, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. మా బావ డబ్బుల దగ్గర బేరమాడుతున్నాడు. దినాల నాడు కూడా బేరమేనా అని చిరాకేసింది. టెంటు వాడితో, వంటవాడితో ఇంతకంటే గట్టిగా ఆడాడని తర్వాత తెలిసింది.

పాట వెంటనే మొదలవుతుందనుకున్నాను. ముందు ఎంక్వైరీ. ఆడపిల్లల్ని ఏ ఊళ్లకిచ్చిండ్రు? ముసలమ్మకు ఏం కూరంటే ఇష్టం? ఆఖరికి ఎవరి చేతి నీళ్లు తాగింది? జంగమాయన ఏదీ రాసుకోలేదు, వింటూ తంబుర తీగ సరిచేసుకుంటున్నాడు. ఈ ఏడు ఈ ఊళ్లో నాలుగో పాటట. మంత్రసాని ముసలమ్మ, మిర్చి కల్లాల కావలి తాత, పెద్దబడి చప్రాసీ... ముగ్గురి గురించీ గడగడా చెప్పాడు, కావలి తాత కుక్కతో సహా.

‘తోడబుట్టినోళ్లెంతమంది?’ అన్నాడు నావైపు తిరిగి.

‘నలుగురు’ అన్నాను. ఇదొక్కటైనా తెలుసు కదా అని ధీమాగా.

గోడవతల నుంచి ఓ ముసలామె, అత్తమ్మ ఈడుదే, ‘ఐదుగురు కొడుకా. చిన్నోడు పోయిండు. ఈమెనే చంకనేసుకొని నర్సంపేట దవాఖానకు నడిచింది. తొవ్వలనే పోయిండు. ఈమెకప్పుడు పదేండ్లుంటయేమో’ అంది.

బావ చేతిలోని నోట్లు అలాగే ఉండిపోయాయి. ఆయనకూ తెలియదు.

డక్కీ మోగింది. జంగమాయన వేళ్లకున్న అందెలు గలగలమన్నాయి. పదేళ్ల పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని చెరువుకట్ట ఎక్కింది, రేగుచెట్టు కింద దించి చూసింది, మళ్లీ ఎత్తుకుంది. కట్ట, రేగుచెట్టు ఆయన కల్పించినవే అని తెలుస్తూనే ఉంది. టెంటు కింద ఆడవాళ్ల ఏడుపు లేచింది. నేను ప్లాస్టిక్ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

కాకికి ముద్ద పెట్టే పిట్టకు పెట్టుడు, భోజనాలు, అన్నదమ్ముల గొడవ, ఇవన్నీ అందరిళ్లలో ఉండేవే. సాయంత్రం బస్సులో బాపుకు ఫోన్ చేశాను. మంచిగైందా, పిట్ట ముట్టిందా అని అడిగాడు. ముట్టిందన్నాను.

‘బాపూ, మీరు ఐదుగురటగా?’

చాలాసేపు ఏమీ వినిపించలేదు. సిగ్నల్ పోయిందేమోనని ఫోన్ చూశాను. పోలేదు.

‘ఎవరు చెప్పిండ్రు?’ అన్నాడు.